తిరుపాల్ వెనక్కి తెచ్చిన పది నంబర్లు

రైల్లో ఎదురుగా కూర్చున్న మనిషి పేపరు చదువుతుంటే, తిరుపాల్ ఇవతలి నుంచి అదే పేజీని తలకిందులుగా చదివేస్తాడు. అదీ ఆ మనిషికంటే ముందు. ఒకసారి మేమిద్దరం ధర్మవరం పోతుండగా ఒక పెద్దాయన చింతపండు ధర పెరిగిన వార్తను పెదవులు కదుపుతూ తీరుబడిగా చదువుకుంటున్నాడు. చింతచెట్లున్న మనిషేమో, ముఖం వెలిగిపోతోంది. "తొందరపడొద్దప్పా, కింద మళ్లీ తగ్గిందని రాసినారు" అన్నాడు తిరుపాల్. పెద్దాయన పేపరు మడిచి, మా ఇద్దరినీ ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇది విద్య కాదు, అలవాటు. అచ్చుకు వాడే సీసం అక్షరాలు అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి వరసలో పేర్చే పని తిరుపాల్ పద్దెనిమిదో ఏట పెనుకొండలో నేర్చుకున్నాడు. ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు, అందులోని సీసం తూకానికి పోయింది. కళ్లకు పట్టిన అలవాటు మాత్రం మిగిలింది.

ఇప్పుడు అతనికి అరవై రెండు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టుకు పోయే దారిలో, ఒక సందులో, కాలితో తొక్కే ఒకే ఒక ట్రెడిల్ అచ్చుమిషన్‌తో కూర్చుని ఉంటాడు. పెళ్లిపత్రికలు, వాల్‌పోస్టర్లు అతని దగ్గరికి రావడం మానేసి చాలా కాలమైంది. అవన్నీ రంగుల ఆఫ్‌సెట్ ప్రెస్సులకు, కొన్ని బెంగళూరుకు పోతాయి. అతనికి మిగిలింది రెండు పనులు. బిల్లుబుక్కుల్లో, రసీదుల్లో, కూపన్లలో ఒక్కో కాగితం మీద వరస నంబరు వెయ్యడం, చింపడానికి వీలుగా మధ్యలో చిల్లుల గీత కొట్టడం. ఊళ్లో ప్రెస్సులన్నీ ఈ రెండు పనులకూ అతని దగ్గరికే వస్తాయి. తిరుపాల్ వేసిన నంబరు ఇంకొకసారి చూసుకోనక్కర్లేదని పేరు.

నంబర్లు వెయ్యడంలో ఒక పద్ధతి ఉంది. లోకమంతా ఒకటితో మొదలుపెడుతుంది, తిరుపాల్ ఆఖరుతో మొదలుపెడతాడు. రెండువేల కూపన్లుంటే మొదట 2000 అచ్చు వేసి, దాని మీద 1999, దాని మీద 1998, అలా దిగుతూ వచ్చి ఒకటి దగ్గర ఆపుతాడు. అప్పుడు కట్ట తీసేసరికి ఒకటో నంబరు పైన ఉంటుంది, మళ్లీ పేర్చే పని ఉండదు. "నా వయసు కూడా ఇట్లే తగ్గుతా వస్తాంది సార్, మీకే తెలీదు" అంటాడు.

ఇన్నేళ్ల అచ్చుపనిలో అతని బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషను కోసం వేలిముద్ర పెడితే మిషన్ ఒప్పుకోదు. తిరుపాల్ అనేవాడు లేడని అది చెప్తుంది. అందుకని అతని భార్య ప్రమీల వెళ్లి తన వేలు పెట్టి తెస్తుంది. ఆమె ప్రెస్సు వెనక గదిలోనే కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతుంది, బుక్కులు కుట్టే పని ఉంటే అదీ చేస్తుంది. "ఈయన్ని గవర్నమెంటు గుర్తుపట్టదు, నేను మాత్రం పట్టాల్సొచ్చె" అని ఆమె మాట.

నేను పోస్టాఫీసులో చేసి రిటైరై పెనుకొండలో ఉంటున్నాను. మా వీధిలో పదిమందిమి కలిసి నడుపుకునే చిన్న పఠనమందిరం ఒకటి ఉంది. పైకప్పు రేకులు చిల్లులు పడి, వాన వస్తే పుస్తకాల మీద గోనెపట్టాలు కప్పాల్సి వచ్చేది. కొత్త రేకుల కోసం పోయిన ఏడు లక్కీడిప్ పెట్టాం. మొదటి బహుమతి ధర్మవరం పట్టుచీర, తక్కినవి కుక్కరు లాంటివి. టికెట్లు రెండువేలు. హిందూపురంలో భాస్కరయ్య ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చు వేయించాం. నంబర్ల కోసం ఆయన వాటిని, పాడైతే పనికొస్తాయని కొన్ని ఎక్కువ కాగితాలు కలిపి, తిరుపాల్‌కు పంపాడు. ఒక్కో టికెట్టూ రెండు సగాలు. ఒక సగం కొన్నవాళ్లకు, ఇంకో సగం డిప్పు డబ్బాలోకి. రెండింటి మీదా నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నవాళ్ల పేర్లు అమ్మేవాళ్లు నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఆదివారం సాయంత్రం డిప్పు. గురువారం ఉదయం నేను తిరుపాల్‌కు ఫోన్ చేశాను, కృతజ్ఞతలు చెబుదామని. బుక్కులన్నీ అమ్ముడుపోయాయని, చివర్లో పది టికెట్ల చిన్న బుక్కు ఒకటి ఎక్కువ ఇచ్చారని, అదీ అమ్మేశామని, పెద్ద మనసు చేసుకున్నారని చెప్పాను.

అవతల ట్రెడిల్ మిషన్ చప్పుడు ఆగింది.

"ఎక్కువ రావడానికి లేదు సార్" అన్నాడు. "నేను రెండువేలతో మొదలుపెట్టి ఒకటితో ఆపినా. మధ్యలో పది యాడినుంచి పుడతాయి?"

నేను బస్సెక్కి వెళ్లేసరికి నంబరింగ్ మిషన్‌ను ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అగ్గిపెట్టెకు రెండింతలుండే ఇనప డబ్బీ అది. లోపల ఒకట్లకు, పదులకు, వందలకు, వేలకు తలా ఒక అంకెల చక్రం. పదుల చక్రం పక్కన ఒక పట్టుపోగు చుట్టుకుని ఉంది. వెంట్రుకలో సగం మందం ఉంటుందేమో. జరిగింది అతను వేలితో తిప్పి చూపించాడు. 1340 తరువాత 1339 పడాలి. పోగు అడ్డం పడి పదుల చక్రం కదల్లేదు. దాంతో మళ్లీ 1349 పడింది. అక్కడినుంచి మళ్లీ 1340 దాకా దిగింది. రెండోసారి పోగు జారి చక్రం సరిగ్గా తిరిగింది. అంటే 1340 నుంచి 1349 వరకు పది నంబర్లు రెండేసి టికెట్ల మీద ఉన్నాయి. ఆ నంబర్లలో ఒకటి డిప్పులో వస్తే ఒక చీరకు ఇద్దరు వస్తారు, ఇద్దరూ నిజమైన టికెట్టుతోనే.

"చూసుకుంటా వెయ్యాల్సింది" అన్నాను.

"చూస్తాను సార్, ఎప్పుడూ చూస్తాను. ఆ పొద్దు టీ తెచ్చిన పుల్లన్నకు కత చెప్తాంటి." పుల్లన్న సందు చివర టీ అంగడి మనిషి. "మడకశిర పక్క ఒకాయన కూతురి పెళ్లిపత్రికలో నూటపన్నెండుమంది చుట్టాల పేర్లు వెయ్యమని వచ్చిన కత. చెప్తా చెప్తా నగినా. ఆ నగులో పోయినాయి ఈ పది."

ప్రమీల వెనక గదిలోంచి అంది, ఆ పోగు తనదే కావచ్చుగానీ కత మాత్రం తనది కాదని. బుక్కులు కుట్టేటప్పుడు చివర పది మిగిలితే, మొగుడు మంచితనానికి వేశాడనుకుందట. "ఎప్పుడూ వెయ్యనోడు ఏస్తాడా అని అప్పుడే అనుమానపడాల్సింది" అంది.

భాస్కరయ్య వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. రెండువేలలో పది, అందులోంచి ఒకటి రావడం ఎంత, ఎవరికీ తెలియకుండానే ఆదివారం గడిచిపోతుంది, నోరు మూసుకోవడం మేలని అన్నాడు. బయటపెడితే ఊళ్లో ఒక్క ప్రెస్సు కూడా నంబర్లకు ఇటు రాదని కూడా అన్నాడు. అది బెదిరింపు కాదు, నిజం.

ఇక్కడ నా సంగతి కూడా రాయాలి. నేనూ భాస్కరయ్యనే సమర్థించాను. పఠనమందిరం పేరు పోతుందని నాకు భయం. తిరుపాల్ నా వైపు చూశాడు. కోపంగా కాదు, అచ్చులో సరిగ్గా పడని కాగితాన్ని చూసినట్టు.

"పదిమందిని యతికి, మార్చుకోని వస్తా" అన్నాడు. "మూడు దినాలుండాది."

ఆ పూటే 2001 నుంచి 2010 వరకు పది కొత్త టికెట్లు వేశాడు. ఒక్కొక్కటి వేసి, వెలుతురులో పెట్టి చూసి, పక్కన పెట్టాడు. పది కాగితాలకు గంట పట్టింది. అది అయ్యాక, ఈ పని ముగిసేదాకా కత చెప్పనని అన్నాడు. ప్రమీల నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

రెండు పదుల్లో ఒకటి పెనుకొండలో నేను అమ్మిన బుక్కులోకి పోయింది, ఇంకోటి ధర్మవరంలో ఝాన్సీ అమ్మిన బుక్కులోకి. ఝాన్సీ కుట్టుపని నేర్పే అమ్మాయి, మా మందిరం సభ్యురాలి మేనకోడలు. నేను అమ్మినవాటికి పేర్లు సగం కూడా రాసుకోలేదు. ఆమె నోటుపుస్తకంలో మాత్రం పేర్లూ ఊళ్లూ ఉన్నాయి, నాలుగైదు ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. తిరుపాల్ మొదట ఫోన్లు చేశాడు. "మీ లక్కీడిప్ నంబరు గురించి" అనగానే ఇద్దరు పెట్టేశారు. మూడో ఆయన, ఓటీపీ అడిగే దొంగనాకొడుకులకు ఇప్పుడు తెలుగు కూడా వచ్చిందా అని తిట్టాడు. తిరుపాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మనిషి ఎదురుగా పోతే తప్ప ఈ పని కాదని తేలింది.

శుక్రవారం తెల్లవారి రైలుకు అతను హిందూపురంలో ఎక్కాడు, నేను పెనుకొండలో ఎక్కాను. అతని చేతిలో టిఫిన్ డబ్బా. ఎదురుగా ఒక కుర్రవాడు పేపరు విప్పాడు. తిరుపాల్ దాని వైపు చూడలేదు. నాకు అది వింతగా, కొంచెం బాధగా కూడా అనిపించింది.

ధర్మవరంలో మొదటి ఇల్లు మగ్గం ఇల్లు. టికెట్టు మార్చి ఇమ్మని అడిగేసరికి ఇంటాయన మగ్గం ఆపి, టికెట్టు తెచ్చి, రెండు వైపులా చూసి, మళ్లీ దేవుడి పటం వెనక పెట్టేశాడు. "ఇంత పొద్దున్నే వచ్చి అడుగుతాండావంటే దీనికే చీర తగిలేటట్టుండాది. నేయడమే గానీ ఒక చీర నా పెండ్లాం కట్టింది లేదప్పా. ఇయ్యను."

మేము ముందుగా ఊహించనిది ఇదే. అడిగేదాకా అది మామూలు కాగితం. అడగగానే దానికి విలువ వచ్చేస్తుంది.

తిరుపాల్ చాప మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీశాడు. అందులో అన్నం లేదు, గుడ్డలో చుట్టిన నంబరింగ్ మిషన్ ఉంది. మగ్గం కింద పడి ఉన్న పోగు ఒకటి తీసి పదుల చక్రం పక్కన దూర్చి, వేలితో నొక్కుతూ పోయాడు. నలభై రెండు, నలభై ఒకటి, నలభై, మళ్లీ నలభై తొమ్మిది. నేతగాడు వంగి చూశాడు. రెండోసారి తానే నొక్కి చూశాడు.

"పోగు చేసిన పనా" అన్నాడు. "అది మాకు తెలీదా." లేచి, పటం వెనకనుంచి టికెట్టు తీసి ఇచ్చాడు.

ధర్మవరంలో ఆరుగురు. ఆరుగురివీ పోగుతో పని ఉన్న ఇళ్లే. మధ్యాహ్నానికి ఆరూ వచ్చేశాయి. మారిన ప్రతి టికెట్టునూ తిరుపాల్ ఒక నోటుపుస్తకంలో అతికించి, పక్కన కొత్త నంబరు రాసి, ఇచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించాడు. సాయంత్రం కనగానపల్లి. అక్కడ మూడు. మనుషులు వేరుశనగ చేలల్లో ఉన్నారు. పాత ఉద్యోగం పుణ్యాన ఏ పేరు ఏ వీధిలో ఉంటుందో నేను కొంత చెప్పగలిగాను. నా వల్ల అయిన సాయం అంతే. గట్ల మీద నడిచి, మట్టిచేతుల్లో ఆ ఇనప డబ్బీ పెట్టి, ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పింది అతనే. ఎక్కడా తప్పు పోగు మీదికి తొయ్యలేదు. "నేను చూసుకోలేదు" అనే మాటతోనే మొదలుపెట్టేవాడు.

మిగిలింది 1346. బుక్కపట్నం, హనుమప్ప.

శనివారం పొద్దున చెరువుగట్టు మీద దొరికాడు. వల చిక్కు తీస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చొక్కా జేబులో ఆ టికెట్టు, పలచటి గుడ్డలోంచి నంబరు కనబడుతోంది. తిరుపాల్ చెప్పిందంతా విన్నాడు. డబ్బీ నొక్కి చూశాడు. తలూపాడు.

"అంతా బాగుండాదప్పా. హిందూపురం నుంచి బస్సుచార్జి పెట్టుకోని ఈ ఊరికి ఎవరన్నా తప్పు చెప్పుకోను వస్తారా?"

"నేను వచ్చినా కదా."

"అదే నా అనుమానం. చేప ఊరికే గట్టుకు రాదు."

"2007 మంచి నంబరప్పా."

"మంచిదైతే నువ్వే పెట్టుకో."

గంటసేపు కూర్చున్నాం. హనుమప్ప మాకు బీడీ ఇచ్చాడు, వక్కాకు ఇచ్చాడు, టికెట్టు ఇవ్వలేదు. మేము లేచి రోడ్డు దాకా వచ్చాక తిరుపాల్ మళ్లీ వెనక్కి పోయి ఇంకోసారి అడిగాడు. జవాబు మారలేదు.

అయితే 1346 ఇంకొకరి దగ్గర కూడా ఉంది. ఆ రెండోదాన్ని మార్చినా సరిపోతుంది. అది నేనే అమ్మాను, పెనుకొండలో బడిపిల్లలకు వంట చేసే రూతమ్మకు. మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాం. టికెట్టు బైబిల్లో పెట్టుకుంది. మాట పూర్తిగా విని, బైబిలు తెరిచి, టికెట్టును చూసి, మళ్లీ మూసింది.

"నేను అబద్ధమనట్లేదు నాయనా" అంది. "ఈ నంబరుకు నెల దినాలుగా ప్రార్థన చేస్తాండా. ఇప్పుడు ఇంకో నంబరంటే మళ్లీ మొదట్నించీ చెయ్యల్ల. రేపు సాయంత్రానికి యాడ అవుతాది?"

తిరుపాల్ టిఫిన్ డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. పదిలో తొమ్మిది అయ్యాయి. ఒక్కటే కదా, రెండువేలలో ఒకటి, ఇక వదిలెయ్యమని అన్నాను. భాస్కరయ్య ఫోన్ చేసి అదే మాట అన్నాడు. తిరుపాల్ ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పాడు. "ఆ ఒక్కటీ ఇద్దరి దగ్గరుండాది. ఇద్దరికీ నేను ఎదురుపడినా. ఇప్పుడు తెలీదనడానికి లేదు."

ఆదివారం సాయంత్రం మందిరం ముందు షామియానా వేశాం. రెండువందలమంది దాకా వచ్చారు. హనుమప్ప బుక్కపట్నం నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అవతలి వరసలో రూతమ్మ. హిందూపురం నుంచి భాస్కరయ్యా ఇంకో ఇద్దరు ప్రెస్సులవాళ్లూ వచ్చారు. మార్చిన తొమ్మిదింటికీ కొత్త నంబర్ల సగాలు పెట్టి, టికెట్ల సగాలన్నీ డబ్బాలో వేసి మూత పెట్టబోతుంటే తిరుపాల్ మైకు అడిగాడు. ఆ మనిషి మైకులో మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"నా పేరు తిరుపాల్. ఈ టికెట్లకు నంబర్లు వేసింది నేను. పది నంబర్లు రెండుతూర్లు పడినాయి, తప్పు నాది. తొమ్మిది మార్చినా. 1346 ఇంకా ఇద్దరి దగ్గరుండాది, ఇద్దరూ ఈడనే ఉండారు. ఆ నంబరు వస్తే ఇద్దరికీ బహుమతి. ఒకటి వీళ్లిస్తారు, రెండోది నేనిస్తా. చీరైనా సరే."

కూర్చున్నాడు. జనంలో గుసగుసలు లేచాయి. హిందూపురం ప్రెస్సులవాళ్లలో ఒకాయన లేచి వెళ్లిపోయాడు. రూతమ్మ ఎక్కడుందో హనుమప్ప వెతుక్కుని పోయి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ టికెట్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. "నిజమే చెప్పినాడే" అని హనుమప్ప అనడం నాకు వినబడింది. అతని గొంతులో కొంచెం నిరాశ ఉంది.

డిప్పు తీశారు. ఒక్కో నంబరు చదువుతుంటే నేను తిరుపాల్ చేతుల వైపే చూస్తున్నాను. అరిగిన బొటనవేలితో మోకాలి మీద నొక్కుతున్నాడు, డబ్బీని నొక్కినట్టే. పన్నెండు బహుమతుల్లో 1346 రాలేదు. చీర సోమందేపల్లి వైపు ఒక బస్సు కండక్టరుకు తగిలింది.

జనం పలచబడ్డాక హనుమప్ప వచ్చి టికెట్టు చాచాడు. "తీస్కోప్పా. రెండుతూర్లు అడిగితివి."

ఇక అది చెత్తకాగితం. అయినా తిరుపాల్ నవ్వలేదు, వద్దనలేదు. జేబులోంచి 2007 తీసి హనుమప్పకు ఇచ్చాడు. నోటుపుస్తకం తెరిచి 1346 అతికించి, పెన్ను చేతికిచ్చాడు.

"దీంతో నేనేం చేసుకోవాల?" అన్నాడు హనుమప్ప.

"నాకేం తెలుసు. మారుస్తానంటి, మార్చినా. ఈడ సంతకం పెట్టు."

ఆ తరువాత రెండు ప్రెస్సులు నంబర్ల పని బెంగళూరుకు పంపడం మొదలుపెట్టాయి. ఒకటి ఇప్పటికీ తిరిగి రాలేదు. భాస్కరయ్య మాత్రం మూడోరోజే బిల్లుబుక్కుల కట్ట పంపాడు. తప్పు దాచినవాడి దగ్గర ప్రతి కాగితమూ చూసుకోవాలి, చెప్పినవాడి దగ్గర ఆ బాధ లేదని నాతో అన్నాడు. గురువారంనాడు ఆయనన్న మాట నేను గుర్తుచెయ్యలేదు. నేనన్నదీ నాకు గుర్తుంది మరి. ప్రమీల కుచ్చుల పని వెనక గదిలోంచి కదిల్చనంది. బదులుగా తన పాత రవికగుడ్డతో నంబరింగ్ మిషన్‌కు ఒక సంచి కుట్టి ఇచ్చింది.

ఆ ఆదివారం రాత్రి తిరుపాల్‌ను రైలెక్కించడానికి నేను పెనుకొండ స్టేషనుకు పోయాను. బెంచీ మీద మా పక్కన ఒకాయన పేపరు చదువుతున్నాడు. తిరుపాల్ కళ్లు మెల్లగా అటు పోయాయి. పని ముగిసిందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

"ఆ మడకశిర ఆయన కత ఏమైంది?" అని అడిగాను. "నూటపన్నెండుమంది చుట్టాలు."

"అందరి పేర్లూ వేసినా సార్. ఒక్కరిని తీసినా పెళ్లికి రారంట. అన్నీ వేసినాక చూస్తే పెళ్లికూతురి పేరుకు జాగా లేదు."

"మరి?"

"మూలన రవ్వంత ఖాళీ ఉండె, ఆడ వేసినా. వాళ్లు ఇంటికి పోయి, పద్ధతి కదా, నాలుగు మూలలా పసుపు పూసి పంచినారు." రైలు కూత వినబడి లేచి టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. "ఆ పిల్ల పేరు ఊళ్లో ఒక్కరూ చదవలే. పెళ్లికి మాత్రం నూటపన్నెండుమందీ వచ్చినారు."